పెడర్ కొడుకు, మా అమ్మ మనవరాలు

జమ్మలమడుగులో నేను పనిచేసే ఫ్యాన్ల కంపెనీకి ఆ ఏడు డెన్మార్క్ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఫ్యాన్లంటే గాలిమరలు. కొండాపురం వైపు గుట్టల మీద వరసగా నిలబెట్టిన వాటిని మా దగ్గర అందరూ ఫ్యాన్లనే అంటారు. వాటిలో కొన్నింటి రెక్కలకు పగుళ్లు వచ్చాయి. ఎందుకు వచ్చాయో చూడడానికి ఆమెను పంపారు. ఆమె ఇంగ్లీషును పనివాళ్లకు తెలుగులో చెప్పడం, వాళ్ల తెలుగును ఆమెకు ఇంగ్లీషులో చెప్పడం నా వంతు. ఆమె బస ప్రొద్దుటూరులో ఒక లాడ్జీ. మా ఇల్లూ ప్రొద్దుటూరే. రోజూ పొద్దున ఒకే జీపులో బయల్దేరేవాళ్లం.

ఆమె ఇంటిపేరు పెడర్సెన్. ఈ కథలో మనుషుల పేర్లు రాయనని మా అమ్మకు మాటిచ్చాను. కానీ ఈ ఒక్క పేరు రాయకపోతే చెప్పడానికి సంగతే ఉండదు. ఆ దేశంలో వేలాదిమందికి ఉన్న ఇంటిపేరే కాబట్టి, రాసినందువల్ల ఎవరినీ బయటపెట్టినట్టు కాదు.

కాగితం మీద పెడర్సెన్ అని సులువుగానే ఉంది గానీ ఆమె నోట వింటే వేరుగా ఉండేది. మధ్యలో ఉన్న అక్షరాన్ని నాలుక కింద దాచేసి, చివరిదాన్ని సగంలో మింగేసేది. మొదటిరోజు జీపు ఎక్కుతూ తన పేరు చెప్పుకుంది. డ్రైవరు తొండూరు మనిషి. ఒకసారి విని, నా వైపు తిరిగి, "పేద సన్ అంటాందా మేడం? అంటే పేదోళ్ల కొడుకనా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆమె ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "సగం సరిగ్గానే చెప్పాడు. సెన్ అంటే కొడుకే" అంది.

మిగతా సగం ఆ మధ్యాహ్నం గుట్ట మీద చెప్పింది. అక్కడ చెట్టు లేదు. గాలిమర స్తంభం నీడ ఎటు తిరిగితే అటు జరుగుతూ తినాలి. నేను తెచ్చిన జొన్నరొట్టెను చెనక్కాయల పొడితో తింటూ, కారానికి కళ్లు తుడుచుకుంటూ, తన ఇంటిపేరు కథ మొదలుపెట్టింది.

వెనకటి రోజుల్లో వాళ్ల దేశంలో ఇంటిపేరంటూ నిలకడగా ఉండేది కాదట. పెడర్ అనేవాడికి కొడుకు పుడితే వాడు పెడర్సెన్, అంటే పెడర్ కొడుకు. ఆ కొడుకు పేరు యెన్స్ అనుకుంటే, వాడికి పుట్టినవాడు పెడర్సెన్ కాడు, యెన్సెన్ అవుతాడు. కూతురు పుడితే యెన్స్‌డాటర్, అంటే యెన్స్ కూతురు. తరం మారితే ఇంటిపేరు మారేది. తండ్రిని చూసి పేరు, అంతే. తరవాత ఒక కాలంలో ప్రభుత్వానికి ఇదంతా తలనొప్పిగా తోచింది. ఎవరు ఎవరి పిల్లలో, ఏ పొలం ఎవరిదో తేలడం లేదు. ప్రతి కుటుంబమూ ఒక ఇంటిపేరు మీద నిలబడాలని హుకుం వచ్చింది. పల్లెల్లో వాళ్లు చాలాకాలం వినలేదు. పాత పద్ధతిలోనే పిల్లలకు పేర్లు పెట్టుకుంటూ పోయారు. చివరికి వినక తప్పనప్పుడు, ఆ రోజుకు ఏ పేరు దగ్గరుంటే ఆ పేరే అలాగే గడ్డకట్టింది.

"మా ఇంట్లో పెడర్ కొడుకు దగ్గర ఆగింది" అంది ఆమె. "ఆ పెడర్ ఎవరో మాకు తెలియదు. మా నాన్న పేరు పెడర్ కాదు. ఆయన తండ్రి పేరూ కాదు. నేను ఆడదాన్ని. అయినా పేరు చూస్తే నేను పెడర్ కొడుకుని."

పెడర్‌కు కూడా అర్థం ఉందా అని అడిగాను. ఉందట. వేరే దేశాల్లో పీటర్ అనే పేరే వాళ్ల దగ్గర పెడర్ అయింది. పాత గ్రీకు మాటలోంచి వచ్చింది. రాయి, బండ అని అర్థం. డ్రైవరుకు చెప్పాను, "బండ కొడుకంట అప్పా." అతను రొట్టె నములుతూ తీరిగ్గా, "అయితే మన యర్రగుంట్ల సైడు మనిషే" అన్నాడు. యర్రగుంట్ల చుట్టూ బండల గనులే మరి. ఆ మాట ఇంగ్లీషులో చెప్పి అర్థం చేయించేసరికి నీడ జరిగిపోయింది.

అప్పుడామె అడిగింది, "నీ ఇంటిపేరుకు అర్థమేమిటి?"

నేను రొట్టె డబ్బా మూసి నీడలోకి జరిగాను.

మాది దూది ఏకేవాళ్ల కుటుంబం. నమాజుకు మసీదుకే పోతాం, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పల్లెలు తిరిగి పరుపులు కుట్టేవాడు. ఆయనకు ఇంటిపేరు అవసరం పడలేదు. విల్లు తీగ మోగితే చాలు, ఎవరొచ్చారో ఊరికి తెలిసేది. బడికి పోయిన మొదటి తరం మాదే. నన్ను చేర్చుకున్న అయ్యవారు మా పనినే ఇంటిపేరుగా రాశాడు. మా అన్నను చేర్చుకున్న అయ్యవారు ఆ జాగా ఖాళీగా వదిలేశాడు. ఒకే ఇంట్లో ఇద్దరం, ఇద్దరికీ ఇంటిపేరు కలవదు.

మా నాయన మమ్మల్ని విడిచి పులివెందులకు పోయేటప్పటికి అన్నకు మీసం రాలేదు, నేను పలక పట్టుకుని తిరిగే ఆడపిల్లను. ఆయన పారిపోలేదు. అక్కడ పని దొరికిందని పోయాడు. మొదట్లో పండగలకు వచ్చేవాడు. తరవాత ఒక పండగకు వచ్చి ఒక పండగకు రాలేదు. ఆ తరవాత అక్కడ ఇంకొక సంసారం ఉందని ఎవరో వచ్చి అమ్మతో చెప్పారు. అమ్మ ఏడవడం నేను చూడలేదు. మరుసటి రోజు నాయన వదిలిపోయిన దూది మిషనుకు కొత్త బెల్టు వేయించి, తనే కూర్చుంది. మిషను నుంచి లేచే దూది నుసి జుట్టు మీదా, రెప్పల మీదా పడేది. సాయంత్రానికి అమ్మ ముసలామెలా కనిపించేది. మొహం కడుక్కుని వస్తే మళ్లీ మా అమ్మ అయ్యేది. ఆ పరుపుల మీదే అన్నను పెంచింది, నన్ను డిగ్రీ దాకా చదివించింది.

అన్న కువైట్‌కు పోవాలనుకున్నప్పుడు పాస్‌పోర్టు పని ఒక ఏజెంటు చూశాడు. ఇంటిపేరు రాయాల్సిన చోట ఏమీ లేకపోతే అక్కడి వీసాకు అడ్డం వస్తుందని, ఆ ఏజెంటు మా నాయన పేరు పెట్టేశాడు. అన్న అది చూసుకునేలోగా పాస్‌పోర్టు వచ్చేసింది. అక్కడికి పోయాక డ్రైవరుగా కుదిరిన ఇంట్లో యజమానికి మనుషులను చివరి పేరుతో పిలిచే అలవాటు. అంతే, మా అన్న పేరు ఆ ఇంటి గేటు బయటే ఆగిపోయింది. పొద్దున కారు తియ్యమన్నా నాయన పేరే. పిల్లలను బడి నుంచి తీసుకురమ్మన్నా నాయన పేరే. తోటి డ్రైవర్లకు కూడా ఆ పేరే అలవాటైంది.

"ఎవుని పేరు ఇంటే నాకు ఒళ్లు మండుతాదో, దినమంతా ఆ పేరుకు పలకాల. పలక్కపోతే పని పోతాది" అని ఫోనులో అనేవాడు. వేడుకగా చెప్పాలని మొదలుపెట్టేవాడు. చివరికి ఫోను పెట్టేసేవాడు.

ఇదంతా గుట్ట మీద ఆమెకు చెప్పలేదు. "మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పెద్ద కథ" అని తప్పించుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి.

ఆమె మా ఇంటికి రావడానికి కారణం లాడ్జీలో పరుపు. అది స్పాంజి. పొద్దున జీపులో కూర్చునేటప్పుడు నడుము పట్టుకుని ఎక్కేది. మా అమ్మ దూది పరుపులు కుడుతుందని చెప్పాను. ఆదివారం తనే చూసుకుంటానని వచ్చింది.

అప్పుడు అన్న సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. వదినకు ఆడపిల్ల పుట్టి ఇంకా నెల తిరగలేదు. వదినకు తల్లి లేదు. అందుకని పురుడు మా అమ్మే పోసింది. చిన్న ఇల్లు. ముందు గదిలో సగం మిషనుదే. మిగతా సగంలో అమ్మ కొత్త పరుపు గలేబులో దూది నింపి, దబ్బనంతో కుడుతూ ఉంది. ఇంజనీరమ్మ చెప్పులు బయట విడిచి, ఎవరూ చెప్పకముందే కింద కూర్చుంది. అమ్మకు అది నచ్చింది. పరుపు మందం ఎంత ఉండాలో చేత్తో చూపించుకున్నారు. దానికి నా తర్జుమా అవసరం పడలేదు.

టీ తాగుతుండగా అమ్మ అడిగింది, "మొన్న చెప్పినావే మే, ఈమె పేరులో కొడుకుందని. అడుగు, కొడుకని పేరు పెట్టుకోని తిరుగుతాంటే ఎవురూ నవ్వరా?"

నేను చెప్పాను. ఆమె, "నవ్వడానికి ఎవరూ మిగల్లేదు. మా దేశంలో చాలామంది ఆడవాళ్లు కొడుకులే" అంది.

అమ్మ పకపక నవ్వింది. అన్న నవ్వలేదు. గుమ్మానికి ఆనుకుని ఇంతసేపూ ఊరకే వింటున్నవాడు, "మ్మే, ఈ మాట అడుగు. ఆ పేరు వద్దనుకుంటే తీసేయొచ్చునా వాళ్ల దేశంలో?" అన్నాడు.

తీసేయొచ్చట. ఈ మధ్యకాలంలో చట్టం మారిందట. వెనకటిలాగా తండ్రి పేరుకు 'కొడుకు' అనో 'కూతురు' అనో చేర్చి పెట్టుకోవచ్చు. తల్లి పేరుకైనా చేర్చుకోవచ్చు. "నా కూతురికి నేను పెడర్సెన్ ఇవ్వలేదు" అందామె. "నా సొంత పేరు వెనక డాటర్ అని చేర్చి ఇచ్చాను. నేను కన్న పిల్ల, నా కూతురు అనే ఉండాలనుకున్నాను. దాని తండ్రి ఒప్పుకున్నాడు. మా నాన్న మాత్రం అలిగాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు మా ఇంటికి రాలేదు."

"మల్ల?" అంది అమ్మ.

"మరుసటి ఏడు వచ్చాడు. పిల్లను ఆ పేరుతోనే పిలిచాడు."

నేను తెలుగులో చెప్పడం పూర్తయింది. అన్న లోపలికి పోయి, బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చాడు. ఆ బిడ్డకు ఇంకా పుట్టిన పత్రం తీసుకోలేదు. తీసుకుంటే తండ్రి ఇంటిపేరే బిడ్డకూ వస్తుందని, అదే పద్ధతని అన్నకు ముందే ఎవరో చెప్పి ఉన్నారు. తండ్రి ఇంటిపేరంటే అన్న పాస్‌పోర్టులో ఉన్నది. అంటే మా నాయన పేరు. మమ్మల్ని వదిలేసి పోయిన మనిషి పేరు, ఆయన మొహమైనా చూడని ఈ బిడ్డ మోయాలి.

"ఈ బిడ్డకు ఆ పేరు తగలకూడదు" అన్నాడు అన్న. "అమ్మ పేరు పెడతా."

అమ్మ చేతిలో దబ్బనం ఆగింది. "ఎవుని అమ్మ పేరు?"

"నీ పేరు. ఇంటిపేరు జాగాలో నీ పేరు."

"నీకేమన్నా మతి పోయిందా? నా పేరు యాడ పనికొస్తాది? మా అమ్మానాయన పోయినాక దాన్ని పిలిచినోళ్లే లేరు. నాకే మర్సిపోయింది."

అది అబద్ధం కాదు. వీధిలో అందరికీ ఆమె పరుపులామె. దుకాణాల్లో పరుపులామె. మా స్నేహితులకు మా అమ్మ. ఆ పేరు నేను కూడా రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా చదివి ఉండను.

ఇంజనీరమ్మ ఏం జరుగుతోందని అడిగింది. చెప్పాను. ఆమె గబుక్కున, "బిడ్డ తల్లి ఏమంటుంది?" అంది. అప్పటిదాకా వదినను ఎవరూ అడగలేదు. అందరం తలుపు వైపు చూశాం. వదిన లోపలి గదిలో మంచం మీదే కూర్చుని ఉంది.

"నా పేరు పెట్టమందామని ఉండె నాకు" అంది వదిన, నిదానంగా. "అత్త పేరైతే నాకు సమ్మతమే. నాకు అమ్మ లేకపోతే నీళ్లు పోసింది ఈమే గదా."

అమ్మ మళ్లీ దబ్బనం అందుకుంది. పరుపు కుట్టడం ముగించి, ఇంజనీరమ్మకు జీపులో వేయించి పంపింది.

ఆ వారమంతా ఇంట్లో ఇదే. అమ్మ ఒకరోజు వద్దనేది, ఒకరోజు ఊరుకునేది. వీధిలో ఒక పెద్దమనిషి వచ్చి, బిడ్డకు తండ్రి పేరు తప్పించడం మన పద్ధతి కాదని అన్నకు చెప్పాడు. అన్న ఆయనను కూర్చోబెట్టి మర్యాదగానే జవాబిచ్చాడు. "మామా, తండ్రిని నేను. పత్రంలో తండ్రి అని నా పేరు ఉంటాది. దాన్ని తీసేయను. నేను పారిపోయేవాణ్ని కాదు. ఇంటిపేరు మాత్రం ఇంటిని నిలబెట్టినోళ్లది." ఆయన కొంచెంసేపు గడ్డం నిమురుకుని, నీ ఇష్టం అని లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున అమ్మ తనే మాట తెచ్చింది. "పెట్టుకోండి. కానీ మీ నాయనకు చెప్పకుండ చేస్తే దొంగతనం చేసినట్టే. పులివెందులకు పొయ్యి మొగం మీద చెప్పి రాండి. అడగొద్దు, కొట్లాడొద్దు. చెప్పి రాండి."

అన్నకు అది కష్టమైన షరతు. ఆయన మొహం చూడనని ఏళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నాడు. అయినా చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం బస్సెక్కాం. బస్సు ముద్దనూరు దాటింది. తొండూరు దాటాక అరటితోటలు మొదలయ్యాయి. "ఏం మాట్లాడాలో నువ్వే మొదలుపెట్టు" అన్నాడు అన్న. నేను సరేనన్నాను గానీ నాకూ తెలియలేదు.

నాయన పులివెందులలో అరటి గెలలు లోడు చేసే ఒక మండీ దగ్గర కాపలా ఉంటున్నాడు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేనే ముందు గుర్తుపట్టాను. ఆయన మమ్మల్ని సరుకు కొనడానికి వచ్చినవాళ్లనుకుని, "సేటు ఇంకా రాలేదప్పా" అన్నాడు. తరవాత అన్న మొహంలోకి చూశాడు. లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని, మళ్లీ కూర్చున్నాడు.

మండీ ఎదురుగా టీ కొట్టు. అక్కడ బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నేను నోరు తెరవకముందే అన్న మొదలుపెట్టాడు.

"నాకు బిడ్డ పుట్టింది. దానికి ఇంటిపేరు అమ్మ పేరు పెడతాండాం. నీ పేరు దానికి రాదు. నా పాస్‌పోర్టులో కూడా తీసేయిస్తా. నీకు చెప్పమని అమ్మ పంపించింది."

నాయన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. "పేరు మారిస్తే రక్తం మారతాదా?"

"రక్తం సంగతి ఎవురడిగినారు? పేరు సంగతి చెప్పను వచ్చినాం."

"నన్ను అడుగుతాండారా, చెప్తాండారా?"

"చెప్తాండాం" అన్నాడు అన్న.

నాకు భయం వేసింది, ఇప్పుడేదో అరుపులు మొదలవుతాయని. కానీ నాయన అరవలేదు. టీ కింద పెట్టి, అమ్మ పేరు ఒకసారి పైకి అన్నాడు. ఎవరినో పిలిచినట్టు కాదు, ఆ పేరు ఎలా ఉంటుందో చూసుకున్నట్టు. "ఆమె పేరు నేను పలికి శానా కాలమాయె" అన్నాడు. "పెట్టుకోండి. నాది తీసేసేదానికి నేనేం అడ్డం పడతా? ఇచ్చినప్పుడే సరిగ్గా ఇయ్యలేదు." ఆ తరవాత నా వైపు తిరిగి, "బిడ్డ పాలు బాగా తాగుతాందా?" అన్నాడు. తాగుతోందని చెప్పాను. ఎవరి పోలికని అడిగాడు. వదిన పోలికని చెప్పాను. అది నిజమే.

లారీ ఒకటి వచ్చి హారన్ కొట్టింది. ఆయన గేటు తీయడానికి పోయాడు. మేము బస్టాండుకు నడిచాం. అన్న గెలిచినట్టు ఉంటాడనుకున్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, "కాళ్లు వాసిపోయినాయి, చూసినావా?" అన్నాడు. చూశానన్నాను. "చూపించుకుంటాండాడో లేదో" అన్నాడు. కానీ ప్రొద్దుటూరులో దిగగానే, "సోమవారం మున్సిపాలిటీకి పోదాం" అన్నాడు.

మున్సిపాలిటీలో అనుకున్నంత సులువుగా జరగలేదు. పుట్టుక నమోదు చేసే గుమాస్తా మేము చెప్పింది విని కళ్లద్దాలు తీశాడు. "ఇంటిపేరు అంటే నాయన సైడు నుంచి రావాలమ్మా. అవ్వ పేరు ఇంటిపేరు ఎట్లయితాది?"

"అట్ల రావాలని యాడ రాసుందో చూపించండి సార్" అన్నాను.

"అన్నీ రాసుంటాయామ్మా? పద్ధతి అనేదొకటి ఉంటాది గదా. రేపు బడిలో అడుగుతారు, పాస్‌పోర్టులో అడుగుతారు. అప్పుడు మళ్లీ నా మీదికే వస్తారు."

"మేం రాము. వచ్చినా నేనే వస్తా, నువ్వు రాసింది సరిగ్గానే ఉందని చెప్పడానికి వస్తా" అన్నాడు అన్న.

గుమాస్తా రేపు రమ్మన్నాడు. మరుసటి రోజు పోతే పై అధికారి సెలవన్నాడు. ఆ తరవాతి రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టి, అన్నతో పాటు వదినను, బిడ్డను కూడా తీసుకుపోయాను. పొద్దున తలుపులు తీసేసరికే వరండాలో ఉన్నాం. అమ్మను రావద్దన్నాం. ఆమె మిషను ఆపి, తల దువ్వుకుని, మాకంటే ముందు వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది.

అధికారి ఒక నడివయసు ఆవిడ. మా మాటలు, గుమాస్తా మాటలు రెండూ విన్నది. కాగితం చూసింది. "తండ్రి దగ్గర తండ్రి పేరుంది, తల్లి దగ్గర తల్లి పేరుంది. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. బిడ్డకు ఏ పేరు పెట్టుకోవాలో వాళ్లిష్టం. రాయండి" అంది. తరవాత అమ్మను చూసి, "ఈ పేరు మీదేనా?" అని అడిగింది.

అమ్మ లేచి నిలబడింది. "నాదే."

"స్పెల్లింగు చూసుకోండి, తప్పు పడితే మార్చేది కష్టం" అని కాగితం మా వైపు తిప్పింది. నేను ఒక్కొక్క అక్షరం చదివాను. గుమాస్తా కళ్లద్దాలు పెట్టుకుని టైపు చేశాడు. కోపంగా ఏమీ లేడు. పని అయ్యాక బిడ్డ బుగ్గ తట్టి, "పెద్ద రచ్చ చేసినావే" అన్నాడు.

ఆ వారంలోనే ఇంజనీరమ్మ తన పని ముగించుకుని పోయింది. పోయే ముందు గుట్ట మీద ఆమెకు పత్రం ఫోటో చూపించాను. బిడ్డ పేరు, దాని వెనక మా అమ్మ పేరు. వాళ్ల భాషలో చెప్పాలంటే చివర ఏం చేర్చాలని అడిగాను. ఆమె ఆలోచించింది. "కొడుక్కి ఉంది, కూతురికి ఉంది. మనవరాలికి మా దగ్గర ఏమీ లేదు" అంది. "అవసరం ఉందని ఎవరికీ తట్టలేదనుకుంటా." మా అమ్మ కుట్టిన పరుపును విమానంలో వేసుకుపోలేక గుట్ట మీది వాచ్‌మన్‌కు ఇచ్చి పోయింది.

అన్న సెలవు అయిపోయి కువైట్‌కు పోయాడు. తన పేరు మార్చుకోవడం బిడ్డ పేరు పెట్టినంత తేలిక కాదని అప్పటికి తెలిసింది. పాస్‌పోర్టు మారిస్తే అక్కడి గుర్తింపు కార్డు, లైసెన్సు, పని ఒప్పందం అన్నీ ఒకదాని వెంట ఒకటి మారాలి. యజమాని ఒప్పుకోవాలి. మానుకుంటావా అని అడిగాను. "యాల మానుకుంటా? మొదలుపెట్టినా గదా. ఎన్నేండ్లైనా గానీ" అన్నాడు. పేపర్లో ప్రకటన వేయించాడు. లాయరుతో కాగితాలు రాయించాడు. ఇంకా కొన్ని కావాలట, ఒక్కొక్కటి పోగుచేస్తున్నాడు. యజమాని మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తాడు. అన్న పలుకుతున్నాడు. పులివెందులకు పోయివచ్చాక ఆ పేరు వింటే మునుపటంత మండడం లేదట. అయినా పేరు మార్చుకునే పని ఆపలేదు.

బిడ్డ పాకడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం మా నాయన వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. చేతిలో అరటిపండ్ల చీపు ఉంది. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూశాడు. అమ్మ మిషను ఆపింది. నాకేసి చూసి, "స్టూలు ఎయ్ మే" అంది. వరండాలో వేశాను. లోపల కాదు. ఆయన కూర్చున్నాడు. వదిన నీళ్లు తెచ్చి ఇచ్చింది.

బిడ్డ పాకుతూ గడప దాకా వచ్చి ఆయన వాచిన పాదాలను చూస్తూ ఆగింది. ఆయన వంగి, "నీ పేరేందమ్మా?" అన్నాడు. దానికి మాటలెక్కడివి? వదిన చెప్పబోయింది. అంతకుముందే అమ్మ చెప్పింది. జుట్టు నిండా దూది నుసితో, తల ఎత్తి, బిడ్డ పేరు చెప్పి, వెనక తన పేరు పూర్తిగా, వీధిలోకి వినబడేలా చెప్పింది.

ఆయన తలూపాడు. "మంచి పేరు" అన్నాడు.

"కాళ్లకు డాక్టరు దగ్గరికి పో. ఆలస్యం చెయ్యొద్దు" అంది అమ్మ. అని, మిషను మళ్లీ వేసింది. సాయంత్రానికి ఒక పెండ్లివాళ్లకు పరుపులు ఇవ్వాల్సి ఉంది.